కట్టె తుపాకి

“జర గట్టిగ కొట్టు అన్నా,” అంది భూలక్ష్మి, చీపురు పక్కన పెట్టి.

గచ్చిబౌలిలోని బ్యాంకు వెనక మెట్ల మీద కూర్చుని, గార్డు వీరేశం చెక్క సుత్తితో తుపాకి బోల్టు పిడిని తడుతున్నాడు. పాత గార్డు “ఖాళీదే” అని చేతికిచ్చిన నాటికే అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రేపు తనిఖీ అనేసరికి, జనరేటర్ డీజిల్ పోసి నానబెట్టాడు.

“ఇన్నేండ్లు దొంగలొస్తే ఏం జేద్దామనుకున్నవన్నా?”

“మీసం దువ్వుదామనుకున్న. ఇది ఉత్త కట్టెనే గద. పిడికి టిఫిన్ డబ్బా తగిలిస్త. గొట్టం మీద గడ్డం ఆనించి కునుకు తీస్త.”

“నిన్ను జూసి గేటుకాడి కుక్క గూడ లేవది.”

“మా ఇంటామెనే భయపడది. కుక్కకేం బాధ?”

ఇంకో దెబ్బ వేశాడు. పిడి కిర్రుమని లేచింది. వీరేశం బోల్టు వెనక్కి లాగాడు.

లోపలి నుంచి పచ్చగా చిలుము పట్టిన తూటా ఒకటి బయటపడి, మెట్ల మీద దొర్లుకుంటూ భూలక్ష్మి కాళ్ల దగ్గర ఆగింది.

వీరేశం చెయ్యి మెల్లగా గడ్డం కిందికి పోయింది.

తుపాకిని గోడకు ఆనించి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

“ఇన్నేండ్లకు దీన్ని జూసి ఒకడు భయపడ్డడు చెల్లె,” అన్నాడు.