ముందు పోయే మంద

ఆ పొద్దు కూడా శ్రీరంగప్ప చేని గేటు కదిరమ్మ కోసమే తెరుచుకుంది.

కానుగ చెట్టు కింద నిలబడి బయమ్మ అంతా చూసింది. కదిరమ్మ గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి పోయాయి. శ్రీరంగప్ప గేటు పట్టుకుని నిలుచున్నాడు.

"నువ్వు ముందు నడవద్దు కదిరమ్మా. వాటిని పోనిచ్చి దూరంగా ఎనకాల పో."

ఎంత జాగ్రత్తో. బయమ్మకు కడుపు మండింది. పెళ్లయి పాతికేళ్లయినా, మొగుడు తనకు అంత మెత్తగా ఒక్క మాట చెప్పిన గుర్తు లేదు.

గుట్ట సర్కారుది. గొర్రెలు మేపుకోవడానికి అందరికీ హక్కుంది. దానికి పోయే దారి మాత్రం శ్రీరంగప్ప వేరుశెనగ చేని మధ్యలోంచి పోతుంది. అడవిపందులు చేనంతా తవ్విపోస్తున్నాయని రెండేళ్ల కిందట అతను కంచె వేసి, గేటుకు తాళం పెట్టాడు. పందుల వేటగాళ్లు మోటార్ సైకిళ్ల మీద వస్తే తీస్తాడు. తెల్లారగానే కదిరమ్మకు తీస్తాడు. ఆమె మంద గుట్టెక్కాక తన ఆవుల్ని తోలుతాడు. ఇంకెవరికీ తీయడు.

బయమ్మ నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరిగి పోవాలి. చేరేసరికి లేత గడ్డంతా కదిరమ్మ గొర్రెల కడుపులో ఉంటుంది. ఈ ఏడు కురిసింది రెండు వానలే. తల్లుల దగ్గర పాలు లేక బయమ్మ మందలో మూడు పిల్లలు చచ్చాయి. ఇంకో నెల ఇలాగే గడిస్తే మందే మిగలదు.

శ్రీరంగప్ప పరాయివాడు కూడా కాదు. ఆమె మొగుడికి చిన్నాయన కొడుకు. ఆ చనువుతోనే ఒకరోజు దారి అడిగింది.

"నీకొద్దులే వదినా. నువ్వు చుట్టూ పో," అన్నాడు.

"ఏమప్పా, ఊరిబయట కాలనీలో ఉండే కదిరమ్మకు దావ ఉండాది, నీ సొంత వదినకు లేదా?"

"దాని సంగతి వేరే."

ఆ వేరే ఏమిటో బయమ్మకు అర్థమైపోయింది. పోయిన ఏడు కదిరమ్మ గొర్రెలు రెండు గుట్ట దారిలో చచ్చిపోయాయి. ఆ సాయంత్రానికల్లా శ్రీరంగప్ప రెండు గొర్రెల్ని కొని తెచ్చి, ఆమె దొడ్లోకి తోలించాడు. ఊరికే ఎవరు తోలిస్తారు? ఎట్లా చచ్చాయని బయమ్మే అడిగింది.

"ఏందో కొరికినాయక్కా," అని కదిరమ్మ తల దించుకుంది. తప్పు చేసిన ఆడది తల ఎందుకు దించుకుంటుందో బయమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కొళాయి దగ్గర ఒకసారి ఉండబట్టలేక అనేసింది.

"ఏమే కదిరమ్మా, నిన్ను చూస్తానే గేటు దానంతటదే తెరుచుకుంటాండాదంట?"

కదిరమ్మ బిందె దించింది. "కావాలంటే నువ్వే ముందు పో అక్కా. నేను ఎనకాల్నే వస్తా."

దానం చేస్తున్నట్టు ఆ మాటొకటి. బయమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు అర్జీ రాయించి ముదిగుబ్బ మండలాఫీసుకు పోయింది. మూడుసార్లు తిరిగాక సర్వేయరు పటం పట్టుకుని వచ్చాడు. పటంలో బండిదారి స్పష్టంగా ఉంది. గేటుకు తాళం వేయకూడదని, ఎవరినీ ఆపకూడదని శ్రీరంగప్పకు కాగితం ఇచ్చారు. అతను సంతకం పెట్టి తీసుకున్నాడు.

మరునాడు బయమ్మ కోడి కూయకముందే లేచింది. తలకు నూనె రాసి దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. మందను తోలుకుని గేటు దగ్గరికి పోయేసరికి కదిరమ్మ అప్పటికే అక్కడుంది.

శ్రీరంగప్ప గేటు తీశాడు. బయమ్మను చూసి మొహం మార్చుకున్నాడు.

"వదినా, కదిరమ్మను ముందు పోనీ. దాని మంద గుట్టెక్కినాక నువ్వు పో."

"కాళ్లరిగేటట్లు తిరిగింది నేను, ముందు పొయ్యేది అదా?"

"నా మాట విను."

"ఏమప్పా, దాని మొగం చూడంది నీకు తెల్లారదా?"

కదిరమ్మ తన గొర్రెల్ని పక్కకు మళ్లించి బయమ్మకు దారి ఇచ్చింది. ఇన్నాళ్లలో మొదటిసారి ఆమె మొహం తేటగా ఉంది. దాన్ని చూసి బయమ్మకు ఇంకా ఒళ్లు మండింది.

పొట్టేలును అదిలించి, గేటులోకి కాలు పెట్టింది.

శ్రీరంగప్ప ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. పక్కనే కదిరమ్మ వింటోందన్న సంగతి కూడా అతనికి పట్టలేదు.

"దావ పొడుగునా పందులకు నాటుబాంబులు పెట్టించినా వదినా, యాడ మిగిలి ఉండాయో కదిరమ్మ గొర్రెలు నోరుపెట్టి పేలితేగాని నాగ్గూడా తెల్దు."