మొక్పో పిల్ల, పోహాంగ్ పిల్లాడు

"పిల్లకి ఎన్నేళ్లండీ?" అని అడిగింది హ్వాజా.

"ఇరవై ఏడు," అన్నాడు మెంగ్. "ఇరవై ఏడే," అన్నాడు మళ్ళీ.

"మా క్యూహోకి ఇరవై తొమ్మిది. ఈడూ జోడూ కుదిరింది."

పెళ్లి మాటలకి ఎవరైనా ఏ కాఫీ హోటల్లోనో కూర్చుంటారు. వీళ్ళిద్దరూ కొరియాలోని గాంగ్వన్ కొండల మీద, మంచు పండుగలో, చేపముద్దల బండి ముందు నిలబడ్డారు. ఆవిడది తూర్పు తీరాన పోహాంగ్. ఆయనది దేశానికి ఆ చివర మొక్పో. తెల్లవారకముందే చెరో బస్సు ఎక్కి వచ్చారు. పోయినేడు పిల్లలిద్దరూ ఈ పండుగకే వచ్చారు. వాళ్ళు చూసినవి మనమూ చూద్దాం, ఇక్కడే కలుద్దామంది హ్వాజా.

చుట్టూ ఒకటే గోల. మంచుతో కట్టిన కోట, దాని ముందు ఫోటోల కోసం తోసుకునే జనం, మైకులో పాటలు. మెంగ్‌కి ఏదీ పట్టడం లేదు. చేతి తొడుగులు బస్సులో మరిచిపోయాడు. చేతులు జేబులో పెట్టుకోవాలని కూడా తోచలేదు.

"అమ్మా, మీ ఆయన చేతులు చూడు, కొండమీద మంచులో ఆరేసిన చేపల్లా బిగుసుకుపోయాయి. ఆ పులుసన్నా తాగించు," అంది బండామె.

"మా ఆయన కాదమ్మా. పెళ్లి మాటలకొచ్చాం."

"అయ్యయ్యో! సంబంధం మాట్లాడుకుంటూ ఆ మొహాలేంటి, ఇద్దరికీ పంటినొప్పి వచ్చినట్టు?"

ఇద్దరూ నవ్వలేదు. హ్వాజా మెంగ్ వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఫోటో తెచ్చారా?"

తెచ్చాడు. ఆవిడ తొడుగులు తీసి రెండు చేతులా అందుకుంది. చాలాసేపు చూసింది.

"నవ్వు బాగుందండీ."

"వాళ్ళమ్మ పోలిక."

"వదినగారు రాలేదేం?"

"మంచం దిగడం లేదు. ఈ సంబంధం సంగతి చెబితే గోడవైపు తిరిగి పడుకుంది."

హ్వాజా ఇప్పటికే నాలుగిళ్ళ గడప తొక్కింది. నాలుగు చోట్లా తలుపు మొహాన వేశారు. ఇదీ తప్పిపోతే కొడుకు ఇక ఒంటరిగానే మిగిలిపోతాడు.

"మా అన్నయ్య కూడా వద్దంటున్నాడు," అన్నాడు మెంగ్. "పోయి పోయి పోహాంగ్ వాళ్ళతోనా, ఆ తూర్పోళ్ళకి మనమంటే ఎప్పుడూ చిన్నచూపే అని."

"ఇంకా తూర్పూ పడమరా ఏంటన్నయ్యగారూ! జాతకాలు కలిశాయి. అంత పెద్ద సియోల్లో ఒకే బస్సెక్కారు. పక్కపక్క సీట్లు. ఇంతకన్నా రాసిపెట్టి ఉండటమంటే ఏంటి?"

మెంగ్ పులుసు గ్లాసు అందుకున్నాడు. వేడి తెలియలేదు.

"మీవాడు తాగుతాడా?"

"బీరు చుక్కకే చెవులు ఎర్రబడతాయి. ఒక్కటే లోపం, గురక. గోడలదిరిపోతాయి."

"దానికేం. మా దాసొం నిద్రపోయిందంటే ఏనుగు తొక్కినా లేవదు."

అని చప్పున ఆగిపోయాడు.

"పెళ్లి చెయ్యడమంటే పంపించెయ్యడమే కదమ్మా. నాకింకా మనసు రావడం లేదు."

"నాకు మాత్రం వస్తోందా? కానీ పెళ్లి చెయ్యకుండా అలా వదిలేస్తే వాళ్ళకీ శాంతి ఉండదు, మనకీ ఉండదు." హ్వాజా ఫోటో కేసి మళ్ళీ చూసింది. "కూతురిలా చూసుకుంటానని గొప్పలు చెప్పను. పండగ పండక్కీ ఇద్దరికీ ఇష్టమైనవి నా చేత్తో వండి పెడతాను. అది మాత్రం తప్పను. అమ్మాయికి ఏమిష్టం?"

"పీతలు. సోయా నీళ్ళలో ఊరేసినవి. కాళ్ళు కూడా వదలదు, పటపటా కొరికేస్తుంది."

"నేర్చుకుంటాను."

మెంగ్ మంచుకోట కేసి చూస్తూ నిలబడ్డాడు. ఎవరో ఆడపిల్ల జారుబల్ల మీద నుంచి కేరుతూ కిందికొచ్చి పడింది. మళ్ళీ ఎక్కడానికి పరుగెత్తింది.

"పులుసు చల్లారిపోతోంది," అన్నాడు చివరికి. "తాగండి, వియ్యపురాలుగారూ."

హ్వాజా నడుం వంచి దణ్ణం పెట్టింది. చాలాసేపు తలెత్తలేదు.

"కుదిరిందా!" బండామె చప్పట్లు కొట్టింది. "ముహూర్తం ఎప్పుడు?"

"వచ్చే శనివారం."

"వారం రోజుల్లోనా? అంత తొందరేం తల్లీ?"

హ్వాజా ఆ ఫోటోని కొడుకు ఫోటోతో కలిపి సంచిలో దాచుకుంది.

ఆ శనివారానికి, ఈ పండుగ చూసి తిరిగి వెళ్తుంటే బస్సు లోయలో పడి, అంతకుముందు ఒకరి పేరైనా ఒకరికి తెలియని ఆ పెళ్లికాని పిల్లలిద్దరూ చనిపోయి సరిగ్గా ఏడాది. ఆ రోజు పెళ్లి, వాళ్ళ ఆత్మలకి.