పద్నాలుగిళ్ల ఊరేగింపు

ఈస్టర్ సోమవారం, ఊళ్లో గుర్రాలన్నిటినీ ఊరేగించి దీవించే రోజు, పొద్దున్నే ఫాదర్ క్విరిన్ చర్చి వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పక్కన పవిత్ర జలం బకెట్టు, చేతిలో కుంచె, ఒళ్లో తువ్వాలు. కళ్లు కనబడటం మానేసి మూడేళ్లయింది. చెవులు మాత్రం పాముచెవులు.

క్రిస్మస్ నాడే ఆయన తేల్చి చెప్పేశారు.

"దీవించడానికి గుర్రాలే లేని ఊళ్లో నాకేం పని? ఈస్టర్‌కి పద్నాలుగిళ్ల గుర్రాలూ వస్తే ఉంటాను. లేదంటే మ్యూనిక్‌లో ముసలి ఫాదర్ల ఆశ్రమానికి పోతాను."

ఆ మాట విన్నప్పటినుంచీ సెవెరిన్‌కి కంటిమీద కునుకు లేదు. అతనికి పెళ్లి కాలేదు. అరవై దాటినా కొండ మీది ఇంట్లో ఒక్కడే. వారానికోసారి అతను తలుపు తట్టే ఇల్లు ఫాదర్‌గారిదొక్కటే. ఆదివారం సాయంత్రం చెరో బీరు ముందు పెట్టుకుంటారు. ఫాదర్‌గారు ఏదో ఒకటి అని పోట్లాట మొదలుపెడతారు, సెవెరిన్ ఓడిపోతాడు. ఆ పోట్లాట కూడా లేకపోతే అతనితో మాట్లాడే మనిషే ఉండడు.

ఊరేగింపులో ఒక్కో ఇంటి గుర్రాన్నీ పట్టుకొచ్చి ఆ ఇంటిపేరు పిలవడం సెవెరిన్ పని. దీవెన అయ్యేదాకా రౌతు నోరు విప్పకూడదన్నది ఆచారం.

"అందరూ వచ్చారట్రా?"

"వచ్చారు ఫాదర్‌గారూ. చర్చి వెనకాల వరసలో ఉన్నారు."

"మరి బ్యాండు మోగట్లేదేం?"

"బాకా ఊదేవాడికి నిన్న పన్ను పీకారు."

"డోలు కొట్టేవాడిక్కూడానా?"

సెవెరిన్ వినపడనట్టు వెళ్లిపోయాడు.

కాసేపటికి మెడపట్టీ గంటలు ఘల్లుమన్నాయి. రాళ్లమీద గిట్టల చప్పుడు దగ్గరైంది.

"మోస్‌బావర్ వాళ్లిల్లు!"

ఫాదర్ కుంచె ముంచి చల్లారు. "మీ తాత గుర్రం నా టోపీ తినేసింది. దీనికైనా బుద్ధి నేర్పారా?"

ఎవరూ నవ్వలేదు. ఆచారం మరి. గిట్టల చప్పుడు చర్చి పక్కగా తిరిగి వెళ్లింది.

"మిల్లు వాళ్లిల్లు!"

మళ్లీ నీళ్లు, మళ్లీ దీవెన. "మీ అమ్మ చేసే ఈస్టర్ రొట్టె తిని ఎన్నేళ్లయిందో!" అన్నారు ఫాదర్. అలాంటి రొట్టె ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరూ చేయడం లేదు.

ఒక్కో ఇల్లూ వచ్చి పోతోంది. ఎనిమిదో ఇంటి దగ్గర ఆయన చెవి రిక్కించారు.

"నీకెందుకురా అంత ఆయాసం?"

"అన్నిటినీ పట్టుకొచ్చేది నేనొక్కణ్ణే కదండీ."

పదకొండోది కమ్మరి వాళ్లిల్లు. ఫాదర్ చెయ్యి గాల్లో ఆగింది.

"వాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారన్నారే?"

"పండగ కదా... ఊరేగింపుకని..." సెవెరిన్ నసిగాడు.

ఫాదర్ నీళ్లు చల్లి, మామూలుకంటే ఎక్కువసేపే దీవించారు.

చివరికి సెవెరిన్ గుర్రంతో వచ్చి నిలబడ్డాడు. కోటు చెమటకి వీపుకి అతుక్కుపోయింది.

"పద్నాలుగోది మాది, ఫాదర్‌గారూ."

ఫాదర్ ఈసారి కూర్చుని చల్లలేదు. లేచి, తడుముకుంటూ వచ్చి, గుర్రం నుదుటిమీద చెయ్యి పెట్టారు. జూలు దాకా మెల్లగా నిమిరారు. సెవెరిన్ కళ్లెం గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"లెక్క సరిపోయింది కదండీ. ఇక ఉంటారా?"

ఫాదర్ తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టారు.

"ముందు దీని తల తుడవరా, వచ్చే ఏడు కూడా పద్నాలుగుసార్లూ ఇదొక్కటే తిరగాలి కదా!"