కొలిమి ఆరిన రోజు

“బాబాయ్, నువ్వు దిగులు పెట్టుకోకు. మేడమ్‌తో నేను మాట్లాడతా. నిన్ను పంపేస్తామంటే మేమంతా చూస్తూ ఊరుకుంటామా?” అంది ప్యాకింగ్ అక్క.

కొలిమి మేస్త్రి తల ఊపాడు. అది ఔననో కాదనో ఆ దేవుడికే తెలియాలి. నీలం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. పంతొమ్మిదేళ్లుగా గాజు కొలిమి కన్నంలోకి చూస్తున్న కళ్లు మరెలా ఉంటాయి?

గాజు కొలిమంటే, వంటయ్యాక ఆర్పేసే ఇంట్లో పొయ్యి కాదు. వెలిగిస్తే వెలిగించినట్టే. చల్లారిందంటే లోపలి గాజంతా బండలా గడ్డకట్టి, గోడలు బీటలువారి, కొలిమి కాస్తా మట్టికొట్టుకుపోతుంది. అందుకే దానికి ఆదివారం లేదు, సెలవు లేదు. దానికి లేకపోతే మేస్త్రికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? వెలిగించిన రోజున పెద్ద యజమాని, “ఇది ఆరేదాకా వదిలి వెళ్లనని మాటివ్వు” అన్నాడు. మేస్త్రి ఇచ్చేశాడు. ఎవరేమడిగినా లేదనలేని నోరది. పెద్దాయన పోయాడు గానీ మాట మిగిలిపోయింది. బంధువుల పెళ్లి ఫొటోలు ఏవి తీసి చూసినా, మేస్త్రి భార్య ఒక్కతే నిలబడి ఉంటుంది.

ఇప్పుడా కొలిమికే కాలం చెల్లింది. సీసాలు కొనే మందుల కంపెనీ ఖరాఖండిగా చెప్పేసింది. నూనె మండించి పొగ కక్కే కొలిమిలో చేసిన సీసాలు ఇక మాకొద్దు, మీరు వదిలే పొగ కూడా మా కాలుష్యం లెక్కలో పడుతోంది అని. పెద్దాయన కూతురే ఇప్పుడు యజమానురాలు. ఆవిడ కిందా మీదా పడి పక్క షెడ్డులో కరెంటు కొలిమి కట్టించింది. వారం కిందట అది పనిలోకి వచ్చింది. కట్టిన కంపెనీ ఇంజినీర్లు దగ్గరుండి చూసుకుంటున్నారు, వాళ్లూ రేపో మాపో మూటాముల్లె సర్దుకుంటారు. పాతదాన్ని ఈ మధ్యాహ్నమే ఆర్పేస్తున్నారు. మరి మేస్త్రిని ఉంచుతారా, పంపేస్తారా? అదొక్కటే ఎవరూ తేల్చలేదు.

ఆ ఒక్క సంగతే మేస్త్రిని పీక్కుతింటోంది. ఇల్లు చేరాడో లేదో, గుమ్మంలోనే భార్య అడిగేది.

“తేల్చారా?”

“లేదే.”

“పోనీ మీరే అడగొచ్చుగా?”

“నోరు పెగలట్లేదే.”

ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

మంచి మనసుకి తొందరెక్కువ. ప్యాకింగ్ అక్క భోజనాల వేళకే సీసాలు సరిచూసే ఆడవాళ్లనీ, లారీ డ్రైవర్లనీ, చివరికి గేటు దగ్గర కాపలావాణ్ణీ కూడగట్టేసింది. “మేస్త్రి లేకపోతే ఫ్యాక్టరీయే లేదు” అని అందరిచేతా అనిపించింది. వద్దని వారించబోయిన మేస్త్రిని, “నీకు మొహమాటం, మాకు లేదు. నువ్వూరుకో బాబాయ్” అని కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం అందరూ చుట్టూ చేరారు. కొలిమి అడుగున కన్నం తెరిచారు. కరిగిన గాజు ఎర్రటి పాకంలా జారి, నీళ్ల గుంటలో పడి, చిటపటమని పెంకులైపోయింది. ఒక్కో మంటా కట్టేశారు. ఇన్నేళ్లూ చెవుల్లో మోగిన హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మేస్త్రి నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

“చూశారా మేడమ్?” అక్క యజమానురాలి వైపు తిరిగింది. “ఎలా కుమిలిపోతున్నాడో చూడండి. ఇలాంటి మనిషిని ఇంట్లో కూర్చోబెడితే బతుకుతాడా?”

యజమానురాలి మొహం కూడా వాడిపోయి ఉంది. ఆవిడకీ నెలల తరబడి కంటి నిండా నిద్ర లేదు. వచ్చి మేస్త్రి పక్కనే కింద కూర్చుంది.

“నిజం చెబుతున్నా బాబాయ్. వయసైపోయింది, ఇంక చాలు, పంపేద్దామనే అనుకున్నా.”

మేస్త్రి చప్పున తలెత్తాడు.

“పంపేద్దామనా... అమ్మా?” ఆత్రంగా అడిగాడు.

“అయ్యయ్యో, అంత బెంగపడకు! అనుకున్నానంతే. ఇంత ప్రాణం పెట్టుకున్నవాణ్ణి పంపేస్తే నాకు పుట్టగతులుండవు. అయినా నాకు మాత్రం ఎవరున్నారు? కొత్త కొలిమి మీద నాకింకా గురి కుదర్లేదు. అది మొరాయిస్తే ఇక్కడ సీసా ఆగుతుంది. సీసా ఆగితే ఎక్కడో ఓ పసిదానికి దగ్గు మందు ఆగుతుంది. నువ్వుంటే నా గుండెకి నిబ్బరం.” ఆవిడ చెయ్యి చాపింది. “ఇదీ ఆరకూడనిదే బాబాయ్. నాన్నకిచ్చినట్టే నాకూ మాటివ్వు.”

మేస్త్రి ఆ చేతికేసి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లకేసి చూశాడు. అందరి కళ్లల్లోనూ నీళ్లు, అందరి మొహాల్లోనూ నవ్వు.

“అది కాదమ్మా...”

“ఇంకా మొహమాటమేమిటి, పెట్టు!” అని అక్క ఆయన చెయ్యి పట్టుకుని యజమానురాలి చేతిలో పెట్టేసింది. షెడ్డంతా చప్పట్లతో దద్దరిల్లింది. ఎవరో ఈల కూడా వేశారు.

కాసేపటికి మేస్త్రి ఎలాగో జనంలోంచి బయటపడి, గోడ వారగా నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది, వెంటనే ఎత్తింది.

“తేల్చారా?”

“తేల్చారే. అందరూ నా తరఫున నిలబడ్డారు. మేడమ్ కూడా కళ్లనీళ్లు పెట్టుకుంది.”

“ఏమన్నారో చెప్పండి ముందు!”

“ఉంచేసుకున్నారు. మాటిచ్చేశాను.”

 భార్య మెల్లగా అడిగింది.

“అయితే మన రైలు టికెట్లు రద్దు చేసెయ్యనా?”