గడువుకు ముందే వచ్చిన మనిషి

"జాకెట్టు కొలత ఇయ్యాలమ్మా. లోపలికి పోదామా?"

వచ్చిన మనిషికి అరవై దాటి ఉంటాయి. నలిగిన నూలుచీర, దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు. వడమాలపేటలో బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది.

రిహానా కుట్టుమిషను ఆపి, మెడలో టేపు సర్దుకుని లేచింది. గుమ్మం దగ్గర తెల్లగడ్డలు ఒలుస్తున్న అత్త ఆయిషా బీ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

తెర వెనక్కి వెళ్ళగానే వచ్చినామె గొంతు తగ్గించింది.

"కొలతకు రాలేదు పాపా. నా పేరు సుజన. తిరుపతిలో మీరు పరీక్షలు చేయించుకున్న ల్యాబ్ నుంచి వచ్చినా."

రిహానా తెర సందులోంచి అత్త వైపు చూసింది.

పెళ్ళయి ఐదేళ్ళయినా పిల్లలు లేకపోతే, భార్యాభర్తలిద్దరూ ఆ ల్యాబ్‌లోనే పరీక్షలు చేయించుకున్నారు. లోపం భర్త నియాజ్‌లో ఉందని తేలింది. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. అత్త మాత్రం కోడలినే దెప్పుతుంది. భర్త తల వంచుకోవడం చూడలేక, రిహానా ఆ మాటలన్నీ మౌనంగా పడుతోంది.

"మా కంప్యూటర్లలో దొంగలు పడినారు," అంది సుజన. "రిపోర్టులు ఎత్తుకుపోయినారు. మీవి గూడా ఉండాయి. ఇట్లా జరిగితే మీకు చెప్పాలని చట్టం ఉండాది. చెప్పేదానికే వచ్చినా. ఊరంతా పంచుతామని బెదిరిస్తా ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్ళకు ఏమీ ఇయ్యొద్దు. నేరుగా పోలీసులకు చెప్పండి."

"ఫోన్ చేసి చెప్పకూడదా? ఇంటిదాకా రావాల్నా?"

"చేసినా. పెద్దామె ఎత్తి, 'నేను రిహానా అత్తను, ఏం పని?' అనింది. రాంగ్ నంబరని పెట్టేసినా. మీరు ల్యాబ్‌లో రాయించింది ఆ నంబరే. మెసేజ్ పంపితే అది ఎవరి కంట పడతాదో అని భయమేసింది."

పరీక్షల రోజు తన ఫోన్ పాడై ఉంటే అత్త నంబరు రాయించిన మాట నిజమే. అయినా రిహానాకు కోపం ఆగలేదు.

"భద్రంగా దాచాల్సింది మీరు. వీధిలో పారేసి, ఇప్పుడు జాగ్రత్తలు మాకు చెప్తారా? మీ ఓనరు ఏసీ కింద కూర్చోని, మీలాంటి పెద్దామెను ఊర్ల మీదికి తోలినాడా? సిగ్గు లేదా ఆయనకు?"

సుజన తల దించుకుంది.

"నువ్వనే దాంట్లో తప్పు లేదు పాపా. తప్పంతా మాదే."

"ఇంక పోండి."

ఆమె వెళ్ళిపోయింది. పెదవులు ఎండిపోయిన ఆ మనిషికి కాసిని మంచినీళ్ళు ఇవ్వాలని కూడా రిహానాకు తోచలేదు.

"ఏమే, కొలత ఇయ్యకనే పోయింది?" అంది అత్త.

"రేటు ఎక్కువంట."

సాయంత్రం నియాజ్ ఇంటికి వచ్చాడు. అతడిది మోటారుసైకిళ్ళ సీట్లు కుట్టే పని. రిహానా చెప్పిందంతా విని, గోడకానుకుని కూర్చున్నాడు.

"అమ్మీకి నేనే చెప్తా," అన్నాడు.

"వద్దు. ఆమె తట్టుకోలేదు."

"ముక్కూ మొగం తెలియనోడు చెప్తే తట్టుకుంటాదా?"

తల్లి పక్కన కూర్చుని నియాజ్ మెల్లగా అంతా చెప్పాడు. ఆయిషా బీ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నేను అన్నవన్నీ పడినావు గదే. ఒక్కసారన్నా నోరు తెరవకూడదా?"

రిహానా ఏడ్చేసింది. ఎన్నేళ్ళ బరువో దిగినట్టయింది.

మర్నాడే ఫోన్ మోగింది. ఎత్తింది ఆయిషా బీయే. అవతలివాడు చెప్పేదంతా ఓపిగ్గా వింది.

"నా కొడుకు సంగతి నాకు నువ్వు చెప్పేదేముందిరా? మేం పోలీసుస్టేషన్‌కు బయలుదేరినాం. ఇంకేమన్నా ఉంటే ఆడ మాట్లాడు," అని పెట్టేసింది.

నియాజ్‌కు నవ్వొచ్చింది. ముగ్గురూ కలిసే వెళ్ళి ఫిర్యాదు ఇచ్చి వచ్చారు.

మనసు కుదుటపడ్డాక, రిహానాకు ఆ ఎండిన పెదవులే కళ్ళలో మెదిలాయి. ఉండబట్టలేక తిరుపతి బస్సెక్కింది.

ల్యాబ్ కౌంటర్‌లో మునిశేఖర్ అని ఒకాయన ఉన్నాడు.

"సుజనమ్మ ఉండారా అన్నా?"

"లేరమ్మా. కార్వేటినగరం పోయినారు. ఇంకా చెప్పాల్సినోళ్ళు ఉండారు."

"మా ఇంటికి వచ్చింటే చానా మాటలన్నాను. ఆమె రాబట్టే మా ఇల్లు నిలబడింది. వస్తే ఈ మాట చెప్తారా?"

"చెప్తానమ్మా."

రిహానా కదల్లేదు. "ఆ వయసులో ఆమెనే పంపాల్నా? ఇంకెవరూ లేరా?"

"మేం పోతామన్నా వినలేదమ్మా. ఈ దొంగతనం గురించి డేటా రక్షణ బోర్డుకు వివరాలు రాసేదానికి చట్టంలో మూడు దినాల గడువు ఉండాది, ముందు అది కానిచ్చి, తర్వాత అందరికీ ఒక మెసేజ్ పెడితే సరిపోతాదని లాయరు చెప్పినాడు. గడువు మనకే గానీ, ఎత్తుకుపోయినోడికి లేదు గదా అని ఆమె ఆ దినమే బస్సెక్కినారు."

"మీ ఓనరన్నా ఆపి ఉండకూడదా అన్నా?"

మునిశేఖర్ ఆమె వంక ఒక క్షణం చూసి, "ఓనరు ఆమేనమ్మా," అన్నాడు.