రాస్తారోకోలో కనురెప్పలు

భూపాలపల్లి చౌరస్తాలో నడిరోడ్డు మీద నవారు మంచం వేశారు. దాని మీద పడుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

మంచం తలాపున స్టూలు మీద సౌందర్య కూర్చుంది. రెండు చేతుల్లో వెంట్రుకలు పట్టే రెండు సన్నని చిమ్టాలు. పక్కన ఒక అట్ట మీద పెద్ద అక్షరాలు: "కనురెప్పలకు కొత్త వెంట్రుకలు అతికించబడును. ఉచితం. జై తెలంగాణ."

సకల జనుల సమ్మె మొదలై ఇరవై మూడో రోజు. చౌరస్తాలో రోజుకొక పనివాళ్ల వంతు. ఎవరి పని వాళ్లు నడిరోడ్డు మీద చేయడమే రాస్తారోకో. మొన్న గడ్డాలు గీశారు. నిన్న కుండలు చేశారు. ఈరోజు బ్యూటీపార్లర్ల వంతు. వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఎండ చూసి ఇంటికి పోయారు. సౌందర్య మిగిలింది.

తండాలో డిగ్రీ చదివిన మొదటి పిల్ల ఆమె. ఉద్యోగం దొరక్క హైదరాబాద్‌లో పది రోజులు ఈ పని నేర్చుకుంది. నేర్చుకున్నదంతా ప్లాస్టిక్ బొమ్మ తల మీద. బతికున్న మనిషికి రెండు కళ్లూ పూర్తి చేసి, ఫొటో పంపితేనే సర్టిఫికెట్ ఇస్తారు. ఈ సాయంత్రమే ఆఖరు. అది చూపిస్తేనే హన్మకొండ పార్లర్‌లో పని. ఇంట్లో అడిగితే, జిగురు సీసా చూసి కన్నతల్లే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పారిపోయింది.

రోడ్డు పక్కన పోలీసు వ్యాను పొద్దున్నే వచ్చి ఆగింది. పన్నెండింటికల్లా రోడ్డు ఖాళీ చేయించాలని పైనుంచి చెప్పారట. బొగ్గు లారీలు కనుచూపు మేర నిలిచిపోయాయి.

తొమ్మిదిన్నరకు ఒకామె మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. సర్కారు ఉద్యోగి.

"నొప్పి పుడుతుందా?" అని అడిగింది.

"లేదక్కా. కండ్లు మూసుకొని పండుకునుడే."

"ఎంతసేపు?"

"అరగంట."

అబద్ధం. కంటికి డెబ్బై వెంట్రుకలు. సొంత వెంట్రుకను ఒక్కొక్కటే విడదీసి, దాని మీద కొత్తది ఒక్కొక్కటే జిగురుతో నిలబెట్టాలి.

ఆమె వాచీ చూసుకుంది. "ఆదివారం పెళ్లివాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఎండలో నిలబడే ఉద్యోగం నాది. ముఖంలో కళ్లు తప్ప ఏం మిగల్లేదు," అని నవ్వి, పడుకుంది.

సౌందర్య ఆమెకు మెడదాకా దుప్పటి కప్పింది. కింది రెప్పలకు టేపు అంటించింది.

"ఒక్క మాట అక్కా. నేను చెప్పేదాక కండ్లు తెరవొద్దు, లేవొద్దు. జిగురు లోపలికి పోతే దవాఖానకే."

సమ్మె కన్వీనర్ చంద్రమోహన్ సారు పక్కనే ఉన్నాడు. బడిపంతులు. ఈ మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"నిమ్మళంగ చెయ్యి బిడ్డ. తొందరేం లేదు. పని మంచిగ రావాలె," అన్నాడు.

అప్పటినుంచి ఆ మంచానికి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. ఇద్దరు గొడుగులు పట్టారు. డప్పులు ఆపించారు. "జై తెలంగాణ" అని వందమందీ గుసగుసగా నినాదమిచ్చారు. వంటావార్పు పొయ్యి దగ్గరున్న ఉప్పలమ్మ అనే ముసలామెను పిలిచి చేతికి విసనకర్ర ఇచ్చారు.

"ఈగ గూడ వాలొద్దు అవ్వా," అన్నాడు చంద్రమోహన్.

"నా మొగనికి జెరమొస్తె గూడ గింతసేపు ఇసరలే," అంటూనే ఉప్పలమ్మ విసిరింది. కాసేపటికి వంగి చూసింది. "ఓ పొల్లా, ఒక్కొక్కటే పెడుతున్నవా? మా వరినాటే నయముంది గదనే. ఇది గూడ కోతకొస్తదా?"

మంచం మీదామె పెదవులు కదిలాయి.

"నవ్వకక్కా! వరుస తప్పుతది."

పదకొండుకు సౌందర్య చిమ్టా జారింది. రెండు రెప్పవెంట్రుకలు కలిసి అతుక్కున్నాయి. బొమ్మ తల అయితే పీకేసేది. ఇది మనిషి. ఊపిరి బిగబట్టి, చిమ్టా మొనలతో మెల్లగా విడదీసింది. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ చౌరస్తా అంతా ఊపిరి బిగబట్టింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా కుడికన్ను పూర్తయింది. నెమలీక అంచులా వచ్చింది. ఎడమకన్ను ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంది.

"ఒక్క కన్ను ఫొటో ఎవడు తీసుకుంటడు సారూ?" అంది సౌందర్య. "ఇప్పుడు ఆర్డరొస్తె నా పని సగంలనే పాయె."

"పరేషాన్ గాకు. చిమ్టా కింద పెట్టకు. ఎడమది షురూ చెయ్యి."

సౌందర్య షురూ చేసింది.

పన్నెండయింది. వ్యానులో ఫోను మోగింది. పోలీసులు లాఠీలు పట్టుకుని దిగారు, వరుసగా నిలబడ్డారు. జనం ఒకరి చేయి ఒకరు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు. ఉప్పలమ్మ విసరడం ఆపలేదు. సౌందర్య ఎడమకంటికి మూడో వెంట్రుక అతికిస్తోంది.

హెడ్ కానిస్టేబుల్ బుచ్చయ్య జనాన్ని దాటుకుంటూ నేరుగా మంచం దగ్గరికి వచ్చాడు.

బూట్లు టక్కుమనిపించి, మూసి ఉన్న ఆ కళ్లకు సెల్యూట్ కొట్టి, "లాఠీచార్జికి ఇప్పుడే ఆర్డరిస్తరా ఎస్సై మేడం, ఎడమ కన్ను గూడ అయినంక ఇస్తరా?" అని అడిగాడు.