ఇందులో మన కాయిన్ పడుతుందా?

"ముందిది పుచ్చుకోమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అంటూ పెద్దిరాజు తమ్ముడి భార్య హైమకు తాంబూలం ఇచ్చాడు. తమలపాకుల మీద వేలెడంత పెట్టె ఉంది. దానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"హార్డ్‌వేర్ వాలెట్టంట. క్రిప్టో ఇందులో దాస్తే ఎవరూ కొట్టేయలేరంట. మన పాడిపంట కాయిన్ పడుతుందో లేదో చూడు. జంగారెడ్డిగూడెం పామాయిల్ రైతులంతా అదే అడుగుతున్నారు."

హైమ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తాంబూలం కళ్లకద్దుకుని పక్కన పెట్టి, లాప్‌టాప్ తెరిచింది.

ఆ వాలెట్‌లో దాచగలిగే కాయిన్లన్నీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. బిట్‌కాయిన్ ఉంది, ఎథీరియం ఉంది, ఆమె ఎన్నడూ వినని పేర్లూ ఉన్నాయి. పాడిపంట మాత్రం లేదు. ఇంకా చాలాచోట్ల వెతికింది. బావగారు తన ఫోన్‌లో చూపించిన యాప్‌లో తప్ప ఆ కాయిన్ ఎక్కడా లేదు.

హైమ లాప్‌టాప్ మీంచి తలెత్తి బావగారి వైపు చూసింది. తోట తాకట్టు పెట్టి మరీ కొన్నాడేమో ఈయన!

"బావగారూ, మిమ్మల్నెవరో మోసం చేశారండి. అసలలాంటి కాయినే లేదు."

పెద్దిరాజు కంగారు పడలేదు.

"ఎవరు వెతికినా ఇలాగే తెలిసిపోతుందా?"

"తెలిసిపోతుందండి."

"అందుకేనమ్మా నీ దగ్గరకొచ్చాను. రేపు రైతుల మీటింగ్‌లో, ఇందులో భద్రంగా ఉంటుందని నువ్వే చెప్పాలి. పాఠాలు చెప్పేదానివి, నీ మాటైతే నమ్ముతారు."

హైమ చివాలున లేచింది. "నా వల్ల కాదండి."

పెద్దిరాజు నెమ్మదిగా తమలపాకుల వైపు చూశాడు.

"తాంబూలం పుచ్చుకున్నావు కదమ్మా."